నీలి అంచు దుప్పట్లు

మంచి కబురు వచ్చేసరికి కెజియా టిఫిన్ డబ్బా మూత తీస్తోంది. పెళ్ళయ్యాక తన చేత్తో వండిన మొదటి గుత్తివంకాయ కూర అది. కొంచెం మాడింది, నిజమే. అయినా ఆఫీసులో తలా ఒక కాయ పెట్టి, ఎలా ఉందో చెప్పేదాకా ఎవరినీ వదలకూడదని పొద్దున పేట్ బషీరాబాద్‌లో బస్సెక్కినప్పుడే తీర్మానించుకుంది. మూత ఇంకా చేతిలో ఉండగానే పక్కగదిలోంచి పట్టాభిరామయ్య గారు కేకేశారు. ఆయన కేకేయడమే ఒక వింత. ఎండాకాలంలో ఫ్యాను ఆగిపోయినా గొంతు పెంచని మనిషి.

"అమ్మా కెజియా, వచ్చేసింది! జిల్లా ఆఫీసు ఒప్పుకుంది. ఇబ్రహీం కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించుకోమన్నారు!"

కెజియా లేచిన ఊపుకు కొత్త మెట్టెలు గచ్చు మీద టంగుమన్నాయి. ఆ చప్పుడంటే ఆమెకు ఎంత ఇష్టమంటే, పెళ్ళయినప్పటి నుంచీ పని లేకపోయినా లేచి నాలుగడుగులు నడిచి మళ్ళీ కూర్చుంటోంది. ఇప్పుడు మాత్రం నిజంగా లేవాల్సిన సందర్భమే.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్ళే దారిలో ఉన్న సర్కారు కాన్పుల దవాఖాన అది. పట్టాభిరామయ్య గారు అక్కడ పరిపాలనాధికారి. ఎం.కాం. చదివిన కెజియా ఆయన కింద కాంట్రాక్టుల పని చూస్తుంది. పాలు ఎవరు పోయాలి, జనరేటరుకు డీజిల్ ఎవరు తేవాలి, మంచాల మీది దుప్పట్లు ఎవరు ఉతకాలి, అన్నీ ఆమె బల్ల మీదికే వస్తాయి. దుప్పట్లు ఉతికేది అత్వెల్లిలో లాండ్రీ షెడ్డు నడిపే ఇబ్రహీం. మాసిన దుప్పట్ల మూట తీసుకెళ్తాడు, ఉతికి ఇస్త్రీ చేసి తెచ్చిస్తాడు. ఆయన గడువు ఈ శనివారంతో తీరిపోతుంది. కొత్త టెండరు రెండుసార్లు పిలిచారు, ఒక్కరూ రాలేదు. కారణమేమిటని కెజియా ఒక లాండ్రీ ఆయనకు ఫోన్ చేస్తే, "మీ దవాఖానకా? వద్దు మేడం, మీ నోటీసుల సంగతి మేడ్చల్ మొత్తం ఎరుకే" అన్నాడు.

ఆ నోటీసులన్నీ దుప్పట్ల గురించే. నీలి అంచు, మూలన దవాఖాన ముద్ర ఉన్న తెల్ల దుప్పట్లు. నెలనెలా కొన్ని మాయమవుతున్నాయి. ఉతకడానికి పంపిన లెక్కకూ, ఉతికాక తిరిగొచ్చిన లెక్కకూ పొంతన కుదరడం లేదు. పట్టాభిరామయ్య గారు ఇబ్రహీంకు సంజాయిషీ నోటీసు పంపారు. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత మరొకటి. ఇబ్రహీం ప్రతిసారీ వచ్చి, "నా దగ్గర ఒక్కటి గూడ లేదు సార్" అని చెప్పి పోయేవాడు.

సరే, ఏమైతేనేం, గండం గట్టెక్కింది. కెజియా వంకాయల సంగతి మరిచిపోయి ఫోన్ అందుకుంది.

"ఇబ్రహీం భాయ్, నేను దవాఖాన కెజియాను. మస్తు మంచి ముచ్చట! మీ కాంట్రాక్టు ఇంకో ఏడాది పెంచిండ్రు. జల్దీ వచ్చి సంతకం జేసి పోండ్రి!"

అవతల ఏదో యంత్రం తిరుగుతున్న హోరు వినపడింది. కాసేపటికి అదీ ఆగింది.

"శుక్రియా మేడం. గానీ నేను సంతకం జెయ్య."

"ఏందీ?"

"శనారం దాంక మాటిచ్చిన, ఉతుకుత. ఆ తర్వాత వేరేటోళ్ళను సూస్కోండ్రి. నీ మీద కోపం లేదు బేటీ. ఉంటా మరి."

ఫోన్ పెట్టేశాడు. కెజియా తలెత్తింది. గుమ్మం దగ్గర వార్డులో పనిచేసే కుర్మయ్య తల గోక్కుంటూ కనిపించాడు.

"ఆయన రాడు మేడం. పోయిన వారం గేటు కాడ ఆయన మూట విప్పిపిచ్చిన్రు గదా. సారు విప్పుమంటెనే విప్పిన. ఏమన్న దాసిపెట్టుకున్నడా అని ఒక్కొక్కటి దులిపి సూసిన. అత్వెల్లోళ్ళే ఇద్దరు ఆడ నిలవడి సూస్తున్నరు. ఆ మనిషి మొఖం జూడలేకపోయిన."

లోపలి నుంచి పట్టాభిరామయ్య గారు వచ్చారు. అంతా విన్నట్టే ఉంది, ముఖం వాడిపోయింది.

"మరి విప్పించక ఏం చేయను? సర్కారు సొత్తు పోతుంటే పైవాళ్ళు నన్నడుగుతారు. చూడమ్మా, కాంట్రాక్టరుతో మనకు కాగితం ఉంటే చాలు, చుట్టరికం అక్కర్లేదు."

"కాగితం మీద సంతకం పెట్టాల్సింది మనిషే కదా సార్," అంది కెజియా మెల్లగా.

ఆదివారం నుంచి ఉతికిన దుప్పట్లు లేకపోతే ఏమవుతుందో ఆయనకు తెలియనిది కాదు. ఇంటి నుంచి తెచ్చుకోమని బాలింతలకు చెప్పాలి. తెచ్చుకోలేని వాళ్ళు ఒట్టి రెక్సిన్ పరుపు మీద పడుకోవాలి. ముసురు పట్టి దుప్పట్లు ఆరని రోజున కెజియా ఒకసారి ఆ దృశ్యం చూసింది. కాన్పై అలసిపోయిన ఒక పిల్ల, చెమటకు వీపంతా అంటుకుపోతుంటే, తన చున్నీయే పరుచుకుంటోంది. అప్పటి నుంచీ ఇబ్రహీం బండి లోపలికి వస్తుంటే కెజియాకు కిటికీలోంచి చూడటం అలవాటైంది. మడతల మీద మడతలుగా తెల్లటి దొంతర్లు దిగుతుంటే ఆమెకు ఏ పండుగో వచ్చినట్టుండేది.

సాయంత్రం శాంసన్ బండి మీద వచ్చాడు. శామీర్‌పేటలో మందుల కంపెనీలో పనిచేస్తాడు, ఇంటికి పోతూ దవాఖాన దగ్గర పెళ్ళాన్ని ఎక్కించుకుంటాడు. ఆమె కోసమని కొన్న ఎర్ర హెల్మెట్టు హ్యాండిలుకు ఊగుతూ వస్తుంది. దాన్ని చూస్తే మూతి ముడుచుకుని ఉండటం చాలా కష్టం. అయినా ఈరోజు కెజియా గట్టి ప్రయత్నమే చేసింది.

"ఏందట్లున్నవ్? కూర ఎవ్వలు తినలేదా?"

"తిన్నరు. కుర్మయ్య రెండు కాయలు తిన్నడు."

"మరి మనిషి బాగనే ఉన్నడా?"

కెజియా వెనక నుంచి అతని నడుం గిల్లింది. బండి ఒక్క మెలిక తిరిగింది. గండిమైసమ్మ చేరేలోపు ఇబ్రహీం సంగతంతా చెప్పేసింది. శాంసన్ నవ్వు మానేసి విన్నాడు. "నలుగుర్ల మూట ఇప్పితె నేనైన పోకపోదును," అన్నాడు చివరికి.

గండిమైసమ్మలో శాంసన్ చిన్నమ్మ ఎలీషమ్మ ఇల్లు. ఆమె కూతురు క్రిస్టీనాకు ఇదే దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. ఈరోజు తొట్టెల వేస్తున్నారు, బిడ్డను తొలిసారి ఉయ్యాలలో ఊపే వేడుక. వాకిట్లో షామియానా, బగారా అన్నం వాసన, చర్చి ఆడవాళ్ళంతా అక్కడే. కొత్త కోడలని కెజియాను ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆ ముందు వరస కూడా ఆమెకు భలే నచ్చింది. పాస్టరు గారు ప్రార్థన ముగించగానే క్రిస్టీనా బిడ్డను తొట్టెలలో పడుకోబెట్టింది. వరసగా ఆడవాళ్ళు వచ్చి ఊపుతున్నారు. కెజియా వంతు వచ్చింది. బుగ్గ తాకుదామని వంగింది.

బిడ్డ కింద తెల్లటి దుప్పటి. నీలి అంచు. బుల్లి పాదం పక్కన, సగం మడతలో, నల్లటి దవాఖాన ముద్ర.

"చిన్నత్తమ్మా," అంది కెజియా. "గీ దుప్పటి..."

"దవాఖానదే బిడ్డ," అంది ఎలీషమ్మ, దాచేదేమీ లేనట్టు. "పుట్టంగనే గిండ్లనే సుట్టిచ్చిండ్రు. తొలి పొత్తిగుడ్డ గది. తొట్టెల వేసేదాంక ఇడిపియ్యద్దు, పిల్ల బెదురుతది. గది ఆడ గుంజి పారేసి ఒట్టి బిడ్డను ఎత్తుకరమ్మంటవా?"

"నర్సమ్మ ఏమనలేదా?"

క్రిస్టీనా అందుకుంది. "ఆమెనే అన్నది గదా వదినా, బయట సలి ఉన్నది, అట్లనే తీస్కపో అమ్మా అని."

"మా మన్మనిది గూడ పెట్టెల భద్రంగ పెట్టిన," అంది వెనక నుంచి ఒకామె.

"మా దాంట్ల ఇప్పుడు రెండో పిల్ల పండుతాంది," అంది ఇంకొకామె. "సబ్బు బిళ్ళలు అరిగినయ్ గాని ఆ అంచు రంగు పోలే, మంచి బట్ట."

శాంసన్ తొట్టెలలోకి తొంగి చూసి, చాలా గంభీరంగా తల పంకించాడు. "దొరికింది దొంగ. ఇంక నోట్ల పండ్లు గూడ రాలే."

కెజియాకు నవ్వు ఆగలేదు. తొట్టెల తాడు పట్టుకుని కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. అందరూ నవ్వారు. బిడ్డ మాత్రం ఆవలించి మళ్ళీ పడుకుంది. ఆ నవ్వు మధ్యలోనే కెజియాకు గేటు దగ్గర నిలబడ్డ ఇబ్రహీం గుర్తొచ్చాడు. నవ్వు ఠక్కున ఆగిపోయింది.

తప్పు ఎక్కడుందో ఆమెకు అప్పుడు తట్టింది. కాన్పుల వార్డు మాసిన దుప్పట్లను ఎవరూ విప్పి లెక్కపెట్టరు. ఆ రక్తం, ఆ వాసన మధ్య ఎవరు పెడతారు? వార్డులో ఎన్ని దుప్పట్లు ఉండాలో అన్నీ మూటలో ఉన్నట్టే అనుకుని ఆ లెక్కే రాసేస్తారు. బిడ్డతో పాటు ఇంటికి వెళ్ళిపోయిన దుప్పటి కూడా ఇబ్రహీంకు ఇచ్చిన వాటిలోనే చేరిపోతుంది. తిరిగొచ్చినప్పుడు మాత్రం ఉతికి మడతపెట్టినవి కాబట్టి ఒక్కొక్కటీ లెక్కపెడతారు. ఆ తేడా అంతా ఇబ్రహీం నెత్తిన పడుతోంది. ఆఫీసులో అందరికీ తెలిసిన పద్ధతే అది. పద్ధతి కాబట్టే ఎవరూ దాని గురించి ఆలోచించలేదు, కెజియాతో సహా.

మర్నాడు పొద్దున్నే శాంసన్ ఆమెను అత్వెల్లి తీసుకెళ్ళాడు. షెడ్డు వెనక బారెడు పొడుగు తీగల మీద దుప్పట్లు ఆరుతున్నాయి. కింద పడకుండా ఒక్కోదానికి రంగురంగుల క్లిప్పులు. ఇబ్రహీం భార్య తస్లీమ్ వాటిని తడిమి చూస్తూ, ఆరినవి భుజాన వేసుకుంటోంది. ఇబ్రహీం మర్యాదగా రెండు కుర్చీలు వేశాడు. తను మాత్రం కూర్చోలేదు.

"పెద్దసారు పంపిండా మేడం?"

"లేదు భాయ్. నేనే వచ్చిన. సారుకు తెల్వది గూడ."

"అయితె ఛాయ్ తాగి పోండ్రి. సంతకం ముచ్చట తియ్యకుండ్రి."

"ముందు నేను చెప్పేది వినుండ్రి భాయ్. దుప్పట్లు ఎటు పోతున్నయో దొరికింది."

తొట్టెల దగ్గర చూసినదంతా చెప్పింది. పాదం పక్కన కనబడ్డ ముద్ర, పెట్టెల్లో దాచుకున్నవాళ్ళ మాటలు, దవాఖానలో మూట లెక్క రాసే తీరు, ఏదీ వదల్లేదు. ఇబ్రహీం కదలకుండా విన్నాడు. తస్లీమ్ మాత్రం సగం కథలోనే దుప్పట్లను బల్ల మీద పడేసి ఇంట్లోకి వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు చేతిలో ఒక మడత ఉంది, వెనకే ఆమె కొంగు పట్టుకుని ఒక పసివాడు. విప్పింది. ఉతికి ఉతికి మెత్తబడ్డ తెల్లటి బట్ట, నీలి అంచు.

"రహీమా కాన్పప్పటిది," అంది నేల చూపులు చూస్తూ. రహీమా వాళ్ళ కూతురు.

ఇబ్రహీం నోరు తెరిచాడు. "మన ఇంట్ల? యా అల్లా! దర్గా దిక్కు మళ్ళి ఒట్టు వెట్టిన గదనే, ఒక్కటి గూడ లేదని!"

"ఒట్టు వెట్టేటప్పుడు నన్నడిగినవా? నువ్వడిగింది షెడ్డుల దుప్పట్ల లెక్క. ఇది నా మన్మనిది. ఇది లేకుంటె వాడు పండడు, పొద్దంత సతాయిస్తడు."

"మరి ఇన్నొద్దుల నుంచి నేను పరేషాన్ అయితుంటె..."

"నువ్వు పరేషాన్ అయిందానికి నా మన్మని గుడ్డ గుంజుకుంటవా? సూడు జర ఎట్ల జూస్తున్నడో!"

శాంసన్ దగ్గు వచ్చినట్టు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కెజియా పెదవి కొరుక్కుంది. చివరికి ఇబ్రహీంకే నవ్వొచ్చింది. ముందు ముక్కులోంచి, తర్వాత భుజాలు కదిలేలా. నవ్వుతూనే మూడో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కెజియాకు అది చాలా పెద్ద విజయంగా తోచింది.

"నేను దుప్పటి కోసం రాలే తస్లీమక్కా," అంది. "మనిషి కోసం వచ్చిన."

ఛాయ్ వచ్చింది. అల్లం ఘాటుగా, చక్కెర ధారాళంగా. ఇబ్రహీం సాసరులో పోసుకుని, ఊదుకుంటూ మెల్లగా మొదలుపెట్టాడు.

"బేటీ, నాకు నోటీసు వచ్చిందని బాధ లేదు. సర్కారు పని, నోటీసులు వస్తయ్. వానల మిషిన్ ఖరాబైతె మేము రాత్రంత చేతులతోని ఉతికి ఇచ్చినం. గది ఎవ్వరికి తెల్వది, నేను చెప్పలే. గానీ ఇన్నేండ్ల నుంచి పని జేస్తున్న, మీ సారు ఒక్కసారన్న ఈ షెడ్డుకు రాలే. రమ్మంటె 'వద్దులే' అంటడు. నేను మంచోన్నో దొంగనో ఎట్ల తెలుస్తది ఆయనకు? నన్ను నమ్ముండ్రి అని నేను అడుగుతలే. నాతోని నిలవడి లెక్కవెట్టుండ్రి అంటున్న. మూట కట్టేటప్పుడు మీరొకరు, నేనొకన్ని. తిరిగి దించేటప్పుడు మీరొకరు, నేనొకన్ని. గంతే. గది సారు నోటితోని చెప్తె సంతకం జేస్త. నీ నోటితోని గాదు."

"చెప్పిస్త భాయ్," అంది కెజియా. అనైతే అంది గానీ, చెప్పించడం ఎలాగో ఆమెకు తెలియదు.

దవాఖాన చేరేసరికి పట్టాభిరామయ్య గారు ఊళ్ళోని లాండ్రీలన్నిటికీ ఫోన్లు చేసి, ఎవరూ ఒప్పుకోక, నుదురు పట్టుకుని కూర్చున్నారు. కెజియా చెప్పిందంతా విని మొదట ఆయనకు కోపమే వచ్చింది.

"అంటే సర్కారు దుప్పట్లు ఇంటింటికీ పోతున్నాయా! గేటు దగ్గర మనిషిని పెడదాం. వెళ్ళే ప్రతి బిడ్డనూ చూసి పంపమందాం."

"సార్, బాలింత ఒడిలో పడుకున్న బిడ్డ మీది దుప్పటి లాగమని కుర్మయ్యకు మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

ఆయన ఆ దృశ్యాన్ని ఊహించుకున్నట్టున్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కోపం ఎటు పోయిందో పోయింది.

"మరి ఆ ఇబ్రహీం ఏమంటాడు?"

"మీరు ఒక్కసారైనా ఆయన షెడ్డుకు రాలేదంటున్నాడు సార్."

పట్టాభిరామయ్య గారు కళ్ళజోడు పెట్టుకున్నాక కూడా కెజియా వైపు చూడలేదు.

"నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు మా పై ఆఫీసరు ఒకాయన ఉండేవారమ్మా. నిప్పులాంటి మనిషి. పాల కాంట్రాక్టరు ఇంట్లో పెళ్ళికి వెళ్ళి భోంచేశారు. ఎవరో ఫోటో తీసి పైకి పంపారు. విచారణ తేలేసరికి ఆయన సగమైపోయారు. తప్పేమీ లేదని తేలింది, అయినా మనిషి మళ్ళీ మామూలు కాలేదు. అప్పటి నుంచీ నేను ఏ కాంట్రాక్టరు గడపా తొక్కలేదు. వాళ్ళ టీ కూడా తాగలేదు. మంచితనం అనుకున్నాను. భయం కూడా ఉందిలే."

కెజియాకు ఆయన మీద జాలి పొంగుకొచ్చింది. నిన్నటిదాకా ఆయన నోటీసుల మనిషి. ఇప్పుడు ఎదురుగా కూర్చున్నది, ఎప్పుడో ఒక పెళ్ళి భోజనాన్ని చూసి బెదిరిపోయిన కుర్రవాడు.

"చాటుగా వద్దు సార్. అందరి ముందే చేద్దాం. వరండాలో, నర్సులు, ఆయాలు, కుర్మయ్య అందరూ చూస్తుండగా మూట విప్పి లెక్కపెడదాం. షెడ్డుకు వెళ్ళేటప్పుడు తనిఖీ అని రాసి, నలుగురితో కలిసి వెళ్ళండి. టీ మన క్యాంటీన్‌ది ఫ్లాస్కులో మనమే పట్టుకెళ్దాం."

ఆయన ముఖంలో మొదటిసారి నవ్వు లాంటిది కనిపించింది. "మరి పొత్తిగుడ్డల సంగతి? బిడ్డను చలిలో ఒట్టిగా పంపలేం కదా."

"అదే నాకు తోచడం లేదు సార్."

"నాకు తోచింది," అన్నారు పట్టాభిరామయ్య గారు. నిటారుగా కూర్చున్నారు. ఆఫీసు నిబంధన ఏదైనా గుర్తొస్తే ఆయన అలాగే కూర్చుంటారు. "వాడి వాడి పలచబడ్డ దుప్పట్లను ఏటా పనికిరానివని తీసేస్తాం. స్టోరు గదిలో గుట్టలా పడి ఉన్నాయి. వాటిని ముక్కలు చేసి, అంచులు కుట్టించి, ప్రతి బిడ్డకూ ఒకటి ఇవ్వచ్చు. కమిటీ తీర్మానం ఉంటే చాలు. ఆ కమిటీకి నేనే అధ్యక్షుణ్ణి. పాతబట్ట అయితే పసివాళ్ళ ఒంటికి మెత్తగా కూడా ఉంటుంది. మా అమ్మ అదే అనేది."

కెజియాకు ఆయన్ని ఎత్తుకుని గిరగిరా తిప్పాలనిపించింది. పద్ధతి కాదని ఊరుకుంది.

"ఫోన్ కలపమ్మా," అన్నారాయన. "నేనే మాట్లాడతాను."

కెజియా నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, బల్ల మధ్యలో ఉంచింది. గుమ్మంలో కుర్మయ్య, అతని వెనక ఇద్దరు నర్సులు చేరారు. అవతల మళ్ళీ ఆ యంత్రం హోరు.

"ఇబ్రహీం గారూ," అన్నారు పట్టాభిరామయ్య గారు. ఆ 'గారు' బయటికి రావడానికి కొంచెం కష్టపడింది. కుర్మయ్య కనుబొమ్మలు పైకి లేచాయి. "నేను పట్టాభిరామయ్యను. గేటు దగ్గర మీ మూట విప్పించడం పొరపాటు. విప్పాల్సింది అక్కడ కాదు, అప్పుడు కాదు. వార్డులో, మూట కట్టే ముందు, మీ ఎదురుగా."

హోరు ఆగిపోయింది.

"రేపు పొద్దున్నే రండి. వరండాలో అందరి ముందూ ఒక్కొక్క దుప్పటీ విప్పి, మీరూ మేమూ కలిసి లెక్కపెట్టి మూట కడదాం. ఆ తీరు మీకు నచ్చితేనే సంతకం. నచ్చకపోతే నేనేమీ అనుకోను. సంతకమైతే, అటు నుంచి అటే మీ షెడ్డు చూడటానికి వస్తాను. కెజియా వస్తుంది, నర్సమ్మ వస్తుంది."

అవతల తస్లీమ్ గొంతు గుసగుసగా ఏదో అంది. ఇబ్రహీం ఆమెకు ఏదో సర్దిచెప్పాడు. తర్వాత ఫోన్‌లోకి వచ్చాడు.

"వస్త సార్. పొద్దుగాల, ఎండ ఎక్కకముందే. ముందు లెక్క, తర్వాత సంతకం. మా ఇంటామెను గూడ తోల్కొస్త, లెక్కల కాడ నాకన్న ఆమెనే గట్టి. మీరు షెడ్డుకు వచ్చేటప్పుడు జర నడుమ ఎక్కడ ఆగకుండ్రి సార్. పొయ్యి మీద మీ అందరికి దాల్చా పులుసు ఎక్కిచ్చి వస్తనంటుంది."